అంబాసిడర్ తలుపు అద్దాన్ని తిరిగి బిగించే పద్ధతి

పాత అంబాసిడర్‌ను బాగుచేయించుకునేవారు ఇంజనుకూ, రంగుకూ, సీట్లకూ పెట్టే శ్రద్ధలో నాలుగోవంతు కూడా తలుపు అద్దాల మీద పెట్టరు. రంగు ఆరగానే ఒక పూటలో అద్దాలు ఎక్కించేయవచ్చునని అనుకుంటారు. తీరా బండి రోడ్డెక్కాక, సగం దించిన అద్దం గడగడలాడుతుంది, పూర్తిగా ఎత్తబోతే హ్యాండిల్ బిగుసుకుపోతుంది, ఒక్క వాన కురిస్తే కాళ్ళ కింది మ్యాటు తడిసిపోతుంది. ఈ మూడు బాధలకూ మూలం చాలావరకు అద్దంలో ఉండదు, అద్దం చుట్టూ చేసిన పనిలో ఉంటుంది.

తలుపు లోపల రెండు దారులు ఉన్నాయని గుర్తుంచుకుంటే ఈ పని మొత్తం సులభంగా అర్థమవుతుంది. ఒకటి అద్దం పైకీ కిందికీ నడిచే దారి. రెండోది వాననీరు తలుపులోకి దిగి బయటికి పోయే దారి. అద్దం మీద జారే నీటిని ఒక్క చుక్క కూడా వదలకుండా ఆపగలిగే బీడింగు (అద్దానికి ఆనుకుని ఉండే అంచు పట్టీ) లేదు; కొంత నీరు లోపలికి దిగుతుందని లెక్కలోకి తీసుకునే, తలుపు అడుగున రంధ్రాలు పెట్టారు. మొదటి దారి వంకరగా ఉంటే అద్దం సతాయిస్తుంది, రెండోది మూసుకుపోతే తలుపునే తుప్పు తినేస్తుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు తిరిగే బండ్లకు, ఇస్కపల్లి ఉప్పు మడుల దాపున నిలిపి ఉంచే బండ్లకు ఈ రెండో ప్రమాదం మరీ ఎక్కువ. ఉప్పుగాలి తెచ్చిన తేమ తలుపు లోపలి అంచుల్లో చేరితే త్వరగా ఆరదు.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 వరకు అంబాసిడర్‌ను తయారు చేశారు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా 1962లో వచ్చిన మార్క్ 2ను, 1975లో వచ్చిన మార్క్ 3ను దృష్టిలో పెట్టుకున్న పద్ధతి. ప్రీమియర్ పద్మిని ఉన్నవారికి కూడా క్రమం దాదాపు ఇదే; స్క్రూలు ఉండే చోట్లు, హ్యాండిల్ విప్పే తీరు మాత్రం వేరుగా ఉండవచ్చు.

కాలమూ సామగ్రీ

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ రోజుల్లో తలుపు లోపలి రేకు పైకి ఆరినట్టు కనిపించినా మడతల్లో తడి ఉంటుంది, దాని మీద ప్రైమర్ పూస్తే తుప్పును లోపల పెట్టి మూసినట్టే. అందువల్ల సంక్రాంతి వెళ్ళాక పని మొదలుపెట్టడం మేలు. రోహిణీ కార్తె ఎండల్లో జిగురు పూసిన నిమిషానికే ఆరిపోతుంది, అద్దం జారే ఛానల్‌ను సరిచేసుకునే వ్యవధి కూడా దొరకదు. ఆ రోజుల్లో చేయక తప్పకపోతే తెల్లవారుజామున నీడలో చేసుకోవాలి.

అద్దం మూడు వైపులా జారే ఫెల్ట్ ఛానల్ (మెత్తని ఫెల్టు గుడ్డ అతికిన గాడి పట్టీ), అద్దం అడుగు అంచును పట్టి ఉంచే ఇనుప ఛానల్‌లోకి వేసే రబ్బరు పట్టీ, తలుపు నడుము దగ్గర, అంటే అద్దం తలుపులోకి దిగే చోట, అద్దానికి లోపలా బయటా ఆనుకుని ఉండే రెండు బీడింగులు, వాటి క్లిప్పులు, డోర్ ప్యాడ్ (తలుపును లోపలి వైపు కప్పే హార్డ్‌బోర్డు పలక) క్లిప్పులు, మందపాటి పాలిథీన్ షీటు, ఇవన్నీ కొత్తవి కొనుక్కోవాలి. పాత ఫెల్టును ఎండబెట్టి మళ్ళీ వాడదామన్న ఆలోచన వద్దు. దానిలో ఏళ్ళ తరబడి ఇంకిన దుమ్ము సన్నని ఇసుక కాగితంలా పనిచేసి (ఈ మాటలో అతిశయోక్తి లేదు) అద్దం మీద నిలువు గీతలు పెడుతుంది. రబ్బరు సుత్తి, చెక్క ముక్కలు, నాలుగైదు గోనె సంచులు, తోలు గ్లవుజులు, కళ్ళజోడు కూడా దగ్గర ఉండాలి.

నెల్లూరు ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన అమ్మే ఛానల్ దొరుకుతుంది, ఒంగోలులోనూ అంతే. బండికి సరిగ్గా సరిపోయే సరుకు కావాలంటే మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్ళాలి; పాత తలుపుల నుంచి విప్పిన భాగాలకు పుదుపేట ఉంది. ఎక్కడ కొన్నా, పాత ఛానల్ నుంచి రెండంగుళాల ముక్కను రంపంతో కోసి వెంట తీసుకువెళ్ళాలి. పైనుంచి చూసి ఒకేలా ఉన్నదనిపించే ఛానళ్ళకు బయటి వెడల్పు, లోతు, ఫెల్టుల మధ్య ఖాళీ మూడూ వేరుగా ఉంటాయి. కోసిన రెండు ముక్కల తలలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా వెంటనే కనిపిస్తుంది.

విప్పేటప్పుడు రాసుకోవలసినవి

నాలుగు తలుపులనూ ఒక్కసారిగా విప్పవద్దు. ఎడమ ముందు తలుపు మీద పని చేస్తున్నప్పుడు కుడి ముందు తలుపు చెక్కుచెదరకుండా ఉంటే, ఏ స్క్రూ ఎక్కడిదో అడగడానికి పక్కనే సమాధానం ఉన్నట్టు. రంగు కోసం అన్నీ విప్పక తప్పకపోతే ప్రతి తలుపు సామానునూ వేరు గుడ్డసంచిలో కట్టి పేరు రాసి పెట్టాలి.

అద్దం పూర్తిగా ఎత్తి ఉన్నప్పుడు హ్యాండిల్ ఏ దిక్కుకు చూస్తున్నదో ఫోటో తీసుకోవాలి. పాత కార్ల హ్యాండిల్‌కు వెనక స్ప్రింగు మీద ఆనే గుండ్రని గిన్నె ఉంటుంది. దాన్ని రెండు బొటనవేళ్ళతో లోపలికి నొక్కితే హ్యాండిల్ మెడలో అడ్డంగా ఉన్న పిన్ను తల కనిపిస్తుంది. సన్నని పంచ్‌తో ఆ పిన్నును కొట్టి తీయాలి. కొన్నింటికి పిన్నుకు బదులు గుర్రపు నాడా ఆకారంలో క్లిప్పో, మధ్యలో స్క్రూయో ఉంటుంది. ఏదీ కనిపించకపోతే బలం పెట్టి లాగే ముందు టార్చి వేసి మరొకసారి వెదకాలి, ఎందుకంటే అద్దాన్ని ఎత్తి దించే మెషిన్ ఇరుసు మీది పళ్ళు అరిగితే ఆ మెషిన్ మొత్తం మార్చవలసి వస్తుంది.

డోర్ ప్యాడ్‌ను క్లిప్పు ఉన్న చోటే, దానికి వీలైనంత దగ్గరగా, వెడల్పాటి చెక్క బద్దతో పైకి లేపాలి. క్లిప్పుకు దూరంగా లాగితే హార్డ్‌బోర్డు చిరుగుతుంది. ప్యాడ్ వెనక పాలిథీన్ కాగితం గానీ దాని చినిగిన ముక్కలు గానీ కనిపిస్తే అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నదో చూసుకోండి. ఏమీ లేకపోతే ఎవరో పాత పనిలో దాన్ని పారేశారని అర్థం. కాళ్ళ కింద తడికి అది ఒక పెద్ద కారణం.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఒకటుంది. అద్దం అడుగున ఉన్న ఇనుప ఛానల్ అద్దం వెనక అంచు నుంచి ఎంత దూరంలో మొదలవుతున్నదో, ముందు అంచుకు ఎంత దూరంలో ఆగుతున్నదో మిల్లీమీటర్లలో కొలిచి, మాస్కింగ్ టేపు మీద రాసి అద్దానికే అంటించాలి. ఆ ఛానల్‌ను తర్వాత వేరే చోట ఎక్కిస్తే మెషిన్ అద్దాన్ని మోసే చోటు మారిపోతుంది, అద్దం ఒక పక్కకు ఒరిగి ఫెల్టులో ఇరుక్కుంటుంది. చాలా షెడ్లలో ఈ కొలత తీసుకోరు. అద్దం బిగుతుగా ఉన్నదంటూ తర్వాత ఛానల్‌కు గ్రీజు పూస్తారు.

తలుపు కడుపు

అద్దం, మెషిన్, ఛానళ్ళు బయటికి వచ్చాక తలుపు అడుగు భాగాన్ని చేత్తో తడిమి చూడాలి. గ్లవుజు తప్పనిసరి. మట్టి, ఆకుల పొడి, పాత ఫెల్టు పోగులు కలిసి అక్కడ ముద్దగా పేరుకుని ఉంటాయి. ఆ ముద్దను గీకి తీస్తే కింది రేకు తుప్పు గూడూరు అభ్రకంలా పొరలు పొరలుగా లేస్తుంది. పొర లేచిన చోట స్క్రూడ్రైవర్ కొనతో గట్టిగా నొక్కి చూడాలి. కొన దిగిందంటే ఆ రేకు పని అయిపోయింది. అద్దం సంగతి పక్కన పెట్టి ముందు టింకరింగ్ మేస్త్రి చేత ఆ ముక్క కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించుకోవాలి. పుట్టీతో కప్పితే రెండు వానాకాలాలు కూడా నిలవదు.

గట్టి రేకు ఉన్న చోట వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పును మార్చే ద్రావణం పూసి, అది పూర్తిగా ఆరాక జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయాలి. రేకులు ఒకదాని మీద ఒకటి మడిచిన అంచుల్లోకి బ్రష్షు వెళ్ళదు. అక్కడికి క్యావిటీ వ్యాక్స్‌ను సన్నని గొట్టంతో కొట్టాలి. అయితే ఫెల్ట్ ఛానల్ అంటించే చోట్ల మాత్రం ఆ మైనం పడకూడదు, పడితే జిగురు పట్టదు. కాబట్టి మైనం పనిని అద్దం బిగించిన తర్వాత, ప్యాడ్ పెట్టే ముందు చేసుకోవడమే మంచిది.

నీరు పోయే రంధ్రాలను ప్రతి పొర తర్వాతా తీగతో పొడిచి తెరవాలి. నా బండికి ఒక షెడ్డులో అడుగున అండర్‌కోటింగ్ కొట్టినప్పుడు తలుపుల అడుగు అంచులకు కూడా అది దట్టంగా పట్టి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. బయటికి ఎంతో శుభ్రంగా కనిపించిన ఆ తలుపుల్లో కార్తీక మాసపు వాన తర్వాత మలుపు తిరిగినప్పుడల్లా నీళ్ళు కదిలే చప్పుడు వినిపించేది. అండర్‌కోటింగ్ చేయించేటప్పుడు ఆ రంధ్రాల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఉంచమని మేస్త్రికి ముందే చెప్పాలి.

అద్దం ఎంపిక

పాత అద్దమే వాడుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. దాన్ని గోనె సంచి మడతల మీద నిలబెట్టి, అంచు చుట్టూ వేలుగోరు నడిపించి పెచ్చులు ఉన్నాయేమో చూడాలి. తలుపు అద్దాలకు వాడే టఫెన్డ్ గ్లాసును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ఒత్తిడిలో, లోపలి భాగం లాగుడులో గడ్డకట్టడం వల్ల దానికి ఆ బలం వస్తుంది. అయితే ఆ బలం అద్దం ముఖానికే. అంచున గట్టి దెబ్బ తగిలి ఆ లోపలి పొర దాకా పగులు దిగితే అద్దం మొత్తం చిన్న చిన్న గింజలుగా రాలిపోతుంది. అద్దం మూలను సిమెంటు గచ్చు మీద ఆనించవద్దని పెద్ద మేస్త్రులు కసరుకోవడం ఇందుకే.

అదే కారణం వల్ల తయారైన టఫెన్డ్ గ్లాసును కోయడం, రంధ్రం వేయడం, అంచు నూరడం సాధ్యం కాదు. కొత్త అద్దం కావాలంటే ముందు అట్టతో అచ్చు తీసుకుని, మామూలు అద్దాన్ని ఆ కొలతకు కోయించి, అంచులు నూరించి, ఆ తర్వాతే కొలిమికి పంపాలి. అంబాసిడర్ తలుపు అద్దం దాదాపు చదునుగా ఉంటుంది కనుక ఈ పని చేయించుకోగలం. వంపు అద్దాలున్న కార్ల వారికి ఈ వెసులుబాటు లేదు. కిటికీలకు వాడే మామూలు గాజును యథాతథంగా కోసి తలుపులో పెట్టేవారు ఉన్నారు. చిన్న ప్రమాదంలోనే అది కత్తుల్లా విరిగి ముఖానికి తగులుతుంది, దయచేసి ఎవరి మాటా విని అది చేయవద్దు. కారు అద్దం మూలన, భద్రతా గాజుకు భారత ప్రమాణమైన ఐఎస్ 2553 అన్న ముద్ర ఉండాలి.

మందాన్ని వెర్నియర్‌తో కొలవాలి. ఇంగ్లిష్ కొలతల నాటి బండ్లలో అంగుళంలో పదహారో వంతులు మూడు, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్ల అద్దం కనిపిస్తుంది. నేటి 5 మిల్లీమీటర్ల అద్దం దాని స్థానంలో సర్దుకుంటుంది. చవకగా వస్తుందని 4 మిల్లీమీటర్లది వేస్తే ఫెల్టు ఎంత కొత్తదైనా చప్పుడు ఆగదు.

సన్నని గీతలు సీరియం ఆక్సైడ్ పొడిని నీటితో కలిపి ఫెల్టు చక్రంతో మెల్లగా రుద్దితే తగ్గుతాయి. గోరుకు తగిలేంత లోతున్న గీతను తీయబోతే అక్కడ అద్దం పల్లమై, చూపు వంకరగా కనిపిస్తుంది. డ్రైవరు పక్క అద్దానికి ఆ ప్రయత్నం చేయవద్దు. నల్ల ఫిల్ము సంగతి: 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 100వ నియమం ప్రకారం పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం, ముందు వెనక అద్దాల గుండా 70 శాతం వెలుతురు రావాలి. అద్దం మీద విడిగా ఫిల్ము అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. కొలిమికి ఇచ్చేటప్పుడు తెల్ల అద్దమే అడగండి, పాత బండికి అదే అందం కూడా.

అడుగు ఛానల్ ఎక్కించడం

ఈ పనిలో తొందర పనికిరాదు. పాత ఛానల్‌ను అద్దం నుంచి తీసేటప్పుడు రబ్బరు ఎండి రాయిలా మారి ఉంటుంది. రెండు చివర్లా కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేస్తే మెత్తబడుతుంది. తర్వాత ఛానల్ అంచుకు చెక్క ముక్క ఆనించి, చివరల్లో మార్చి మార్చి మెల్లగా తట్టాలి. ఇనుము నేరుగా అద్దానికి తగలకూడదు. తీసిన ఛానల్ లోపలి తుప్పును రుద్ది, ప్రైమర్, రంగు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. నోరు తెరుచుకుని ఉంటే వైస్‌లో రెండు చెక్క బద్దల మధ్య పెట్టి పొడవునా సమంగా దగ్గరికి నొక్కాలి.

కొత్త రబ్బరు పట్టీని అద్దం అడుగు అంచు మీద రెండు వైపులా సమానంగా దిగేలా మడిచి, అంచు పొడవునా పరచాలి. పట్టీ మందం సరైనదా కాదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఛానల్‌ను చేత్తో నొక్కితే మూడోవంతు లోతు వరకే దిగి ఆగాలి. పూర్తిగా దిగిపోతే పట్టీ పలచన, అసలు దిగకపోతే మందం ఎక్కువ. రబ్బరు మీద సబ్బునీళ్ళు రాయవచ్చు, అవి తర్వాత ఆరిపోతాయి. నూనె గానీ గ్రీజు గానీ రాస్తే ఆరవు. రబ్బరు ఉబ్బి మెత్తబడి, ఒకనాడు హ్యాండిల్ తిప్పుతుంటే మెషిన్‌తోపాటు ఛానల్ మాత్రమే కిందికి వచ్చి అద్దం పైనే ఉండిపోతుంది. పుల్లటి వాసన వచ్చే రకం సిలికాన్ పూయడం ఈ మధ్య అలవాటైంది. అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఇనుప ఛానల్‌కు తుప్పు అక్కడే మొదలవుతుంది.

అద్దాన్ని తలకిందులుగా, అడుగు అంచు పైకి వచ్చేలా, గోనె మడతల మీద నిలబెట్టి ఒకరు రెండు చేతులా పట్టుకోవాలి. టేపు మీద రాసుకున్న కొలత ప్రకారం ఛానల్ రెండు చివరలకూ అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టుకుని, రెండోవారు ఛానల్ మీద చెక్క పెట్టి రబ్బరు సుత్తితో తట్టాలి. మధ్యలో ఒకసారి, ఎడమన ఒకసారి, కుడిన ఒకసారి, ఇలా కొద్దికొద్దిగా దించాలి. ఒక చివరను పూర్తిగా దించి రెండో చివరకు వెళితే రబ్బరు ముడతపడి పక్కకు జారుతుంది. సుత్తి చప్పుడు మొదట బోలుగా ఉంటుంది, ఛానల్ అడుగు అద్దం అంచు మీది రబ్బరుకు పూర్తిగా ఆనగానే ఆ చప్పుడు గట్టిబడుతుంది. అక్కడితో ఆపాలి. పైకి పొడుచుకొచ్చిన రబ్బరును మర్నాడు బ్లేడుతో కోయవచ్చు.

అద్దం నడిచే దారి

రంగు వేసినవారు తలుపు ఫ్రేము గాడిలో కూడా మూడు నాలుగు పొరలు కొట్టి ఉంటారు. ఆ మందం వల్ల గాడి ఇరుకై, కొత్త ఛానల్ లోపలికి వంగి అద్దాన్ని నొక్కుతుంది. గాడిలోని అదనపు రంగును సన్నని ఇసుక కాగితంతో రుద్ది, బయటి అంచుకు మాస్కింగ్ టేపు అంటించి, అప్పుడే ఛానల్ పెట్టాలి. ఛానల్‌ను ఒక మూల నుంచి మొదలుపెట్టకుండా పై భాగం మధ్య నుంచి రెండు వైపులా నొక్కుకుంటూ పోవాలి. మూల దగ్గర లోపలి వైపు చిన్న కోత పెడితే ముడత రాకుండా తిరుగుతుంది. లాగి సాగదీసి అంటించిన ఛానల్ ఎండకు ముడుచుకుని మూలల్లో ఖాళీ వదులుతుంది, కాబట్టి కొంచెం పొడవుగానే ఉంచి చివర్లో కోయాలి. ఫెల్టుకు నూనె రాయవద్దు, దుమ్ము పట్టేస్తుంది. ఆరిన తర్వాత పొరలా నిలిచే సిలికాన్ స్ప్రే పలచగా కొడితే చాలు.

గ్లాస్ మెషిన్‌ను కిరోసిన్‌లో కడిగి, పళ్ళు, రివిట్లు, చక్రాలు చూసి, కొత్త గ్రీజు పెట్టాలి. చేతుల్లాంటి ఇనుప బద్దలున్న రకం మెషిన్‌లో అద్దం బరువును మోసే చుట్ట స్ప్రింగు బిగుతుగా ఉంటుంది. ఏ రివిటు విప్పే ముందైనా పళ్ళ పలకను బోల్టుతో కదలకుండా కట్టాలి, లేకపోతే అది విడివడి వేళ్ళు నలుగుతాయి. ఒకటి గమనించండి: 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోల బరువు తూగుతుంది. మెషిన్ చేతి చివరి చిన్న చక్రం ఒకవైపు అరిగితే ఆ బరువంతా ఒరుగుతుంది. చక్రం మార్చడానికి అయ్యే ఖర్చు తక్కువ, దాన్ని వదిలేయవద్దు.

లోపలికి దించడం

ఇద్దరు ఉండాలి. నడుము బీడింగులు, ముందు తలుపుల్లోని తిరిగే చిన్న అద్దపు ఫ్రేము ఇంకా పెట్టకూడదు. అవి ఉంటే అద్దం పట్టేంత చోటు ఉండదు. మెషిన్‌ను లోపల పెట్టి స్క్రూలను వేళ్ళతో మాత్రమే తిప్పి వదులుగా ఉంచాలి. తలుపు అడుగున చెక్క ముక్క మీద గోనె మడత వేసి, అద్దాన్ని ముందు అంచు కిందికి వంచి, బయటినుంచి నడుము సందులోకి మెల్లగా దించి ఆ గోనె మీద కూర్చోబెట్టాలి. ఇప్పుడు చిన్న అద్దపు ఫ్రేమును, దానితోపాటు వచ్చే నిలువు కమ్మీని పెట్టి, ఆ స్క్రూలనూ వదులుగానే వదలాలి. ఆ నిలువు కమ్మీయే పెద్ద అద్దానికి ముందు వైపు దారి. చిన్న అద్దాన్ని అందానికి పెట్టినదిగా భావించి అది ఎలా నిలబడితే అలా బిగించేయడం వల్లనే పెద్ద అద్దానికి సగం కష్టాలు వస్తాయి.

అద్దం ముందు వెనక అంచులు సమాంతరంగా ఉండే చోట ఒక కొలపుల్ల చేసుకోవాలి. నిలువు కమ్మీ గాడి అడుగు నుంచి వెనక ఛానల్ గాడి అడుగు వరకు, తలుపు పైభాగంలో ఉన్న దూరానికి సరిగ్గా ఒక వెదురు బద్దను కోసి, అదే బద్దను తలుపు కింది భాగంలో పెట్టి చూడాలి. కింద బద్ద వదులైతే దారి కిందికి విచ్చుకున్నది, బద్ద పట్టకపోతే మూసుకున్నది. నిలువు కమ్మీ కింది చివరను రెండు మూడు మిల్లీమీటర్లు జరిపితే సరిపోతుంది.

ఆ తర్వాత మెషిన్‌కు కలపకుండానే అద్దాన్ని చేతులతో పైకి ఎత్తి, పై ఛానల్‌లో పూర్తిగా కూర్చునేలా నొక్కాలి. ఒకరు అలా పట్టుకుని ఉండగా రెండోవారు నిలువు కమ్మీ స్క్రూలు, వెనక ఛానల్ కింది స్క్రూ బిగించాలి. ఇప్పుడు అద్దాన్ని చేత్తో కిందికి, పైకి నడిపించి చూడాలి. అరచేతి ఒత్తిడికి ఒకే తీరుగా జారాలి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే సరిచేసుకోవాలి. చేతికి సాఫీగా నడవని అద్దాన్ని మెషిన్‌కు తగిలించి, పళ్ళ బలంతో నడిపించాలని చూడటం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. పళ్ళు అరుగుతాయి, రివిట్లు వదులవుతాయి, చివరికి అద్దం పగులుతుంది.

చేతి పరీక్ష తృప్తిగా ఉన్నాకే మెషిన్ చక్రాలను అడుగు ఛానల్ గాడిలోకి జార్చి, హ్యాండిల్‌ను తాత్కాలికంగా పెట్టి, అద్దాన్ని పూర్తిగా పైకి తిప్పాలి. మెషిన్ స్క్రూలను అద్దం పైన ఉన్నప్పుడే బిగించాలి. వదులుగా ఉన్న మెషిన్ ఆ స్థితిలో తనకు తగిన చోటికి తానే సర్దుకుంటుంది.

ఇంకా తేడా ఉంటే లక్షణాన్ని బట్టి వెదకాలి. చివరి రెండంగుళాల్లోనే బిగుసుకుంటే పై మూల ఛానల్‌లో ముడత ఉన్నట్టు. కిందికి వెళ్ళేకొద్దీ బిగుతు పెరిగితే నిలువు కమ్మీ కింది చివర వెనక్కి వచ్చినట్టు, అదే వదులై చప్పుడు చేస్తే ముందుకు పోయినట్టు. అద్దం ముందు మూల కిందికి వాలి ఎక్కుతుంటే అడుగు ఛానల్ కొలత తప్పింది లేదా చక్రం అరిగింది. ఎత్తిన అద్దం బండి కుదుపులకు తానే దిగుతుంటే లోపం మెషిన్ ఇరుసు దగ్గరి బ్రేకు స్ప్రింగులో ఉంటుంది, ఛానల్‌ను ఎంత బిగించినా లాభం ఉండదు.

బీడింగులు, నీటి పరీక్ష, ప్యాడ్

అద్దాన్ని పూర్తిగా దించి నడుము బీడింగులు పెట్టాలి. బయటి బీడింగు క్లిప్పులు రేకు అంచును కింది నుంచి పట్టుకోవాలి. పైనుంచి నొక్కితే క్లిప్పు వంగి లోపలికి రాలిపోతుంది. సైకిలు పుల్ల చివరను చిన్న కొక్కెంలా వంచి, బీడింగును ఒకరు పైన పట్టుకోగా, ఆ కొక్కెంతో క్లిప్పు నాలుకను కింది నుంచి పైకి లాగితే టక్కుమని కూర్చుంటుంది. ప్రతి క్లిప్పూ పెట్టాలి. ఒక్కటి వదిలేసినా అక్కడ బీడింగు పెదవి అద్దానికి ఆనదు, నీటికీ దుమ్ముకూ అదే సందు అవుతుంది.

ప్యాడ్ పెట్టకముందే అద్దం ఎత్తి, బయటినుంచి చెంబులతో నిదానంగా నీళ్ళు పోయాలి. పైపుతో గట్టిగా కొట్టనవసరం లేదు. లోపలికి టార్చి వేసి చూస్తే అద్దం లోపలి ముఖం పొడిగా ఉండాలి, బయటి ముఖం వెంట దిగిన కొద్ది నీరు అడుగు రంధ్రాల నుంచి నేల మీద పడాలి. పోసిన నీరు కనిపించక, కింద పడకపోతే అది లోపల నిలిచిందన్నమాట.

తలుపు ఆరాక, మిగిలిపోయిన మైనం పని ముగించి, పాలిథీన్ షీటును బ్యూటైల్ టేపుతో అంటించాలి. షీటు కింది అంచు లోపలి రేకులోని సందులోకి దూరి తలుపు లోపలికి వేలాడాలి, అప్పుడే దాని మీద జారిన నీరు తిరిగి తలుపులోకే పోతుంది. ఆ అంచును రేకు పైనే, ప్యాడ్ వైపు అంటిస్తే నీరంతా హార్డ్‌బోర్డులోకి ఇంకి, అది ఉబ్బి, క్లిప్పులు ఊడిపోతాయి. ఆ తర్వాత ప్యాడ్, గిన్నె, ఫోటోలో ఉన్న దిక్కుకే హ్యాండిల్, పిన్ను.

కొత్త ఫెల్టు మొదట్లో కాస్త బిగుతుగానే ఉంటుంది, నాలుగైదు వారాల వాడకంతో సర్దుకుంటుంది. ఏటా సెప్టెంబరు ఆఖరులో, ఈశాన్య వానలు దిగకముందే, నాలుగు తలుపుల అడుగు రంధ్రాలనూ సన్నని తీగతో పొడిచి, ఒక్కో చెంబు నీళ్ళు పోసి చూసుకోవాలి.